ఎవరి వైపు తిప్పినా

చంద్రిక జిరాక్స్ షాపు నుంచి ఒక్క కాగితం తలకిందులుగా బయటికి పోదు. అమీర్‌పేటలో ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగినవాళ్లు ఎక్కువమంది లేరు. కోచింగ్ సెంటర్ల సార్లు పెన్‌డ్రైవ్ బల్ల మీద పడేసి, "సాయంత్రానికి సెట్లు రెడీ కావాలి" అని ఫోను చెవికి ఆనించుకుని వెళ్లిపోతారు. లోపల చూస్తే ఏడో పాఠం తర్వాత అయిదో పాఠం, అట్ట మీద పోయినేడాది తేదీ, మధ్యలో ఎవరిదో పెళ్లిపత్రిక. చంద్రిక ఎవరినీ అడగదు. అడిగితే సార్ల మొహం మాడిపోతుంది, మరుసటి వారం పక్క షాపుకు పోతారు. తప్పు కనబడితే సరిచేస్తుంది, చేసినట్టు చెప్పదు. సారు పరువు సారుకు దక్కుతుంది, షాపు పేరు షాపుకు దక్కుతుంది. ఆ పేరు కూడబెట్టడానికి ఆమె వయసు సగం ఖర్చయింది.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆమె చేతిలో ఉన్నది కోచింగ్ మెటీరియల్ కాదు, బొమ్మల కథ. పేరు 'ఎదురు సీట్లు'. బొమ్మలు వేసింది అనుదీప్. ఎర్రమంజిల్‌లో ఒక ప్రకటనల ఆఫీసులో పని చేస్తాడు. పళ్లపొడి డబ్బాకు నవ్వు మొహం గీసి జీతం తెచ్చుకుని, సాయంత్రాలు తన బొమ్మలు తాను వేసుకుంటాడు. కథ రాసింది భానుశ్రీ. భీమవరం దగ్గరి ఊరి నుంచి గ్రూప్స్ కోచింగ్‌కని అమీర్‌పేట వచ్చి, కోచింగ్ ఎప్పుడో మానేసింది. ఆ సంగతి వాళ్లింట్లో ఇంకా తెలియదు. ఇద్దరూ ఏడాదిగా ఈ షాపుకే వచ్చి ఒక్కో పేజీ ప్రింటు తీయించుకుని, బల్ల దగ్గరే నిలబడి కొట్లాడుకుంటూ చూసుకునేవాళ్లు. ఇప్పుడు పుస్తకం పూర్తయింది.

పెద్ద పని మొదలుపెట్టే ముందు ఒక కాపీ మొత్తం తయారుచేసి చూసుకోవడం చంద్రిక అలవాటు. ప్రింటు తీసి, గమ్ పట్టించి, అట్ట తొడిగి, అంచులు కోసింది. చేతిలో పట్టుకుని పేజీలు గబగబా తిప్పింది. బొటనవేలు ఆగింది.

ప్రతి కాగితానికీ వెనకవైపు తలకిందులుగా ఉంది.

ఇది అమీర్‌పేటలో రోజూ ఎవరో ఒకరు చేసే తప్పే. రెండువైపులా ప్రింటు తీసేటప్పుడు కాగితం ఏ అంచు మీద తిరగాలో మెషీన్‌కు చెప్పాలి. పొడుగంచు బదులు పొట్టి అంచు నొక్కితే వెనక పేజీ శీర్షాసనం వేస్తుంది. చంద్రిక సెట్టింగు చూసింది. సరిగ్గానే ఉంది. ఫైలు తెరిచింది. ఫైల్లోనే తలకిందులుగా ఉన్నాయి. ఆఖరున రెండు పేజీలు కలిపి వేసిన పెద్ద బొమ్మయితే నిలువూ కాదు, తలకిందులూ కాదు, పక్కకు పడుకుని ఉంది.

"గీ పోరగాండ్లు బొమ్మలు మంచిగేసిన్రు గని ఫైలు జెయ్య రాలే అత్తమ్మా," అంది.

స్పైరల్ మెషీన్ దగ్గర స్టూలు మీద కూర్చుని చిల్లులు కొడుతున్న వజ్రమ్మ కళ్లజోడు పైకి నెట్టింది. కొడుకు క్యాబ్ తోలడానికి పోతే, కోడలితో షాపులో కూర్చోవడం ఆమెకు కాలక్షేపం, కోడలిని కనిపెట్టుకుని ఉండటం కూడా. "ఒకపారి ఫోన్ జేసి అడగరాదే."

"ఏమని అడగాలె? మీ ఫైలు తప్పున్నదంటె చిన్నబోతరు. ఆదివారం నాటికి బుక్కులు కావాల్నని మస్తు ఆత్రంల ఉన్నరు."

ఆదివారం సంగతి షాపుకంతటికీ తెలుసు. పంజాగుట్టలో అచ్యుతరావు గారని పుస్తకాల షాపాయన ఉన్నాడు. నెలకో ఆదివారం పాఠకులను పిలిచి, తనకు నచ్చిన కొత్త పుస్తకాన్ని నడిమి బల్ల మీద పెడతాడు. ఆ బల్ల ఎక్కిన పుస్తకం మిగతా ఊళ్ల షాపులకూ ఎక్కుతుంది, ఎక్కనిది రాసినవాళ్ల మంచం కింద ఉంటుంది. పైగా ఆ ఆదివారమే భానుశ్రీ నాన్న బుచ్చిబాబు కూతురి చదువు ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఊరి నుంచి వస్తున్నాడు. ఆ బల్ల మీద పుస్తకం చూపించి నిజం చెప్పేయాలని ఆ పిల్ల ఎదురుచూస్తోంది.

చంద్రిక కొంగు నడుముకు చుట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. తలకిందుల పేజీలను ఒక్కొక్కటే పట్టి నిలబెట్టింది. అక్షరాలు ఎటు నిలబడ్డాయో చూసింది తప్ప అవి ఏం చెబుతున్నాయో చూడలేదు. వంట వడ్డించేవాళ్లకు ఆకలి తెలియదన్నట్టు, ఆ పనిలో ఉన్నవాళ్లకు కథ కనబడదు. చివరి పెద్ద బొమ్మతో చాలాసేపు తంటాలు పడింది. పడుకున్నదాన్ని లేపితే పేజీలో పట్టదు. చివరికి రెండు ముక్కలు చేసి, చిన్నవి చేసి, చెరో పేజీలో నిలువుగా కూర్చోబెట్టింది. కాపీలన్నీ తీసి, గమ్ ఆరబెట్టి, అంచులు కోసి, కట్ట కట్టేసరికి బయట మెట్రో స్తంభాల నీడ రోడ్డు దాటి అవతలి గోడ ఎక్కింది. తప్పుల కాపీని రఫ్ కాగితాల అట్టపెట్టెలో పడేసింది. ఒళ్లు అలిసినా ప్రాణం హాయిగా ఉంది.

*

గురువారం సాయంత్రం ఇద్దరూ వచ్చారు. భానుశ్రీ గుమ్మంలోనే చెప్పులు విడిచింది, గుళ్లోకి వచ్చినట్టు.

"షాపుల చెప్పులెవరు ఇడుస్తరే," అని వజ్రమ్మ నవ్వింది.

చంద్రిక కట్ట విప్పి పైకాపీ అనుదీప్ చేతిలో పెట్టింది. అతను అట్టను అరచేత్తో తుడిచాడు. మొదటి పేజీ చూశాడు. పేజీ తిప్పి, అలవాటు చొప్పున పుస్తకాన్ని చేతుల్లోనే గిర్రున తలకిందులు చేశాడు. అక్షరాలు తలకిందులయ్యాయి. మళ్లీ తిప్పాడు. ఇంకో పేజీ చూశాడు, ఇంకోటి చూశాడు. చివరికి వెళ్లాడు. అక్కడ అతని మొహంలో రక్తం ఇంకిపోవడం చంద్రికకు కనబడింది.

"అక్కా, ఇదేంది?"

"ఫైల్ల తప్పున్నది. నేనే సరిజేసిన."

"ఎవరు జెయ్యమన్నరు?"

"ఒకరు జెయ్యమంటె జేస్తనా? ఎన్క పేజీలన్ని తలకిందులున్నయ్. గట్లనే ఇస్తే మిమ్మల్ని జూసి నవ్వుతరు తమ్మీ."

"నవ్వనియ్యి. గది మా బుక్కు. ఇది గాదు."

భానుశ్రీ అతని చేతిలోంచి పుస్తకం తీసుకుని చూసింది. ఏడవలేదు. కింది పెదవి పంటితో నొక్కిపట్టి పేజీలు తిప్పుతూనే ఉంది. "ఏంటక్కా... ఒక్క ఫోను చేస్తే సరిపోయేది కదా," అంది చివరికి. ఆ మెత్తని మాటే చంద్రికకు ఎక్కువ గుచ్చుకుంది.

"గట్ల తలకిందులే ఉండాల్నని ముంగట ఒక్క ముక్క రాసి పెట్టాలె గదా! నాకేం కలొస్తదా?"

"రాద్దామని నేను మొత్తుకున్నానక్కా. వీడు పడనివ్వలేదు. ఎలా చదవాలో చెప్పి చదివిస్తే కథ సగం చచ్చిపోతుందన్నాడు."

"చెప్తే సస్తది," అన్నాడు అనుదీప్. "పాఠకుడికి సుత కొంచెం పనుండాలె."

"పాఠకుడి సంగతి పక్కన బెట్టు. తలకిందుల బుక్కు ఎవడు కొంటడు?" చంద్రిక గొంతు లేచింది. "పొద్దుమూకిందాంక కూసొని ఒక్కొక్క పేజీ నిలబెట్టిన. నా షాపుల ఒక్క కట్ట వాపస్ రాలే ఇప్పటిదాంక."

అనుదీప్ కట్టను రెండు చేతులతో ఆమె వైపు నెట్టాడు. విసరలేదు, తన్నలేదు, మర్యాదగానే నెట్టాడు. "అయితే ఇదే మొదటిది అక్కా," అని మెట్లు దిగి పోయాడు.

భానుశ్రీ కాసేపు అక్కడే నిలబడింది. అచ్యుతరావు గారికి కాపీ ఇవ్వాల్సిన సాయంత్రం అదే. పైకాపీని సంచిలో పెట్టుకుని, "ఇదైనా చూపిస్తాను, ఏదో ఒకటి ఇవ్వాలి కదా," అని, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్లిపోయింది.

చంద్రికకు ఒళ్లు మండిపోయింది. మంచికి పోతే చెడు ఎదురైందని వజ్రమ్మతో రెండుసార్లు అంది. షట్టరు దించేటప్పుడు మూడోసారి కూడా అంది. వెనక్కి వచ్చిన కట్ట బల్ల మీద అలాగే ఉంది. దానికి అడ్డంగా ఒక అట్ట పెట్టింది, చూడబుద్ధి కాక.

*

మధ్యాహ్నం కాస్త గిరాకీ తగ్గాక అత్తాకోడళ్లు కాగితాలు కోసే బల్ల దగ్గర చెరో వైపు కూర్చుని అన్నం తింటారు. బల్ల ఖరాబు కాకుండా వజ్రమ్మ రఫ్ కాగితాల పెట్టెలోంచి చేతికందింది తీసి గిన్నెల కింద పరుస్తుంది. శుక్రవారం ఆమె చేతికి తలకిందుల పుస్తకం వచ్చింది. మధ్యకు విప్పి, బల్ల నడుమ పరిచి, పచ్చిపులుసు గిన్నె ఎత్తింది.

"అది వద్దత్తమ్మా," అంది చంద్రిక. ఎంత కోపమున్నా పుస్తకం మీద పులుసు పోయడానికి మనసొప్పలేదు.

గిన్నె పక్కకు జరిగింది. పుస్తకం ఇద్దరి మధ్యా తెరుచుకునే ఉంది. చంద్రికకు తన కుడిచేతి వైపు పేజీ తిన్నగా కనబడుతోంది, ఎడమచేతి వైపుది తలకిందులుగా ఉంది. వజ్రమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంటూ పుస్తకంలోకి వంగింది. అయిదో తరగతి దాకా చదివిన మనిషి; చదవడమంటే ఆమెకు పైకి చదవడమే.

"'ఇయ్యాల... ఇంటికి పోయి... ఏమని... చెప్పాలె...'"

"నీకెట్ల వస్తున్నది? నీ దిక్కు తలకిందులు గాదా?"

"నా దిక్కు సక్కగనే ఉన్నది. నీ దిక్కున్నదే తలకిందులు."

చంద్రిక ముద్ద ఆగింది. పుస్తకాన్ని చూసింది, అత్తను చూసింది. అత్తమ్మ పేజీ అత్తమ్మకు కుడిచేతి వైపే ఉంది. పుస్తకాన్ని మొదటికి తిప్పింది. "నీ పేజీ నువ్వు సదువు. నాది నేను సదువుత."

చంద్రిక వైపు కథ ఒక అమ్మాయిది. మెట్రోలో కూర్చుంది, ఒళ్లో ఫైలు. ఎదురు సీట్లో కాపలావాడి బట్టల్లో ఒక పెద్దమనిషి ఆమె వైపే చూస్తున్నాడు. స్టేషన్లు మారుతున్నాయి. అతని చూపు మారడం లేదు. పైగా పెదాలు ఏదో గొణుగుతున్నాయి. అమ్మాయి దుపట్టా సర్దుకుంది, ఫైలు గుండెలకు హత్తుకుంది, లేచి వేరే చోటికి పోదామా అనుకుంది. ఆ పిల్ల మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం కూడా అనుదీప్ గీశాడు. చంద్రికకు తన మెడ మీద అలాగే అనిపించింది.

"గీ ముసలోడిని జూడత్తమ్మా, పిల్లను ఎట్ల గుడ్లప్పగించి చూస్తుండో. చెంప పగలగొట్టాలె."

"ఎవల్ని? గీయననా?" వజ్రమ్మ తలెత్తింది. "ఆయన పిల్లను జూస్తలేడే. పాపం డ్యూటీల కెల్లి తీసేసిన్రు. పెండ్లానికి ఏమని చెప్పాల్నో, పిల్ల ఎన్క అద్దం ఉంటే అండ్ల మొఖం జూసుకుంట మాటలు కూడబలుక్కుంటుండు. ఆ పిల్లదే పొగరు. ఆయన బట్టలు జూసి మూతి తిప్పుతుంది, తిడుతుంది సుత."

"తిడ్తలేదు! ఆమెకు నౌకరి రాలే. అమ్మకు వచ్చిందని అబద్ధం చెప్పాలె. ఆ ముసలోని ఎన్క అద్దం ఉన్నది, అండ్ల జూసుకుంట నేర్సుకుంటుంది."

"మరి మూతెందుకు తిప్పుతుంది?"

"ఏడుపు ఆపుకుంటుంది అత్తమ్మా!"

మాట బయటికి వచ్చాక ఇద్దరూ మళ్లీ పుస్తకంలోకి వంగారు. గుమ్మంలో ఒక కుర్రాడు ఆధార్ కాపీ కావాలని అడిగితే, "లంచ్ టైం" అంది చంద్రిక, తలెత్తకుండా. ఆ షాపులో ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు.

వజ్రమ్మ మెల్లగా అంది, "అయితే గా పిల్ల ఈయనను తిడ్తలేదా?"

"ఈయన గా పిల్లను జూస్తలేడా?"

మళ్లీ మొదటికి తిప్పారు. ఈసారి ఒకరు చదివింది ఒకరికి చెప్పుకుంటూ వచ్చారు. అమ్మాయి భయపడిన పేజీకి ఎదురుగా కాపలావాడు సిగ్గుపడిన పేజీ ఉంది. ఆమె ఫైలు గుండెలకు హత్తుకున్నప్పుడు, తన చెమట వాసనకు అసహ్యించుకుందని అతను కాళ్లు సీటు కిందికి లాక్కున్నాడు. అతను కాళ్లు లాక్కున్నప్పుడు, లేచి తన మీదికే వస్తాడని ఆమె హడలిపోయింది. కంచంలో అన్నం ఎండిపోయింది.

చివరి పేజీకి వచ్చారు. పెద్ద బొమ్మ, పక్కకు పడుకుని ఉంది. చంద్రిక దాన్ని తన వైపు తిప్పుకోబోయింది. తిప్పితే అత్తమ్మకు తలకిందులు. అత్తమ్మ వైపు తిప్పితే తనకు తలకిందులు. ఎవరి వైపు తిప్పినా రెండోవాళ్లకు తలకిందులే.

చంద్రిక లేచింది. బల్ల చుట్టూ తిరిగి వాకిలి వైపు అంచుకు వచ్చి నిలబడింది. వజ్రమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, ఎంగిలి చెయ్యి వెనక దాచుకుని, కోడలి పక్కకు వచ్చింది. ఇద్దరికీ బొమ్మ తిన్నగా కనబడింది. ఆఖరి స్టేషన్. ఒకే బెంచీ మీద అమ్మాయి, కాపలావాడు, నడుమ జానెడు ఖాళీ. రైలు వెళ్లిపోయింది. వాళ్ల ముందు ఇక అద్దాలు లేవు. ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు. ఒక్క మాట కూడా రాసి లేదు.

"మనలెక్కనే నిలబడ్డట్టున్నది," అంది వజ్రమ్మ. తర్వాత, "గీ బొమ్మనేనా నువ్వు రెండు తుకడలు జేసింది?" అని అడిగింది. అత్తలు అడగాల్సింది అడక్క మానరు.

చంద్రికకు సిగ్గేసింది. అట్ట తీసి, వెనక్కి వచ్చిన కట్టలోంచి ఒక పుస్తకం తెరిచింది. ఈ పేజీలో అమ్మాయి, ఆ పేజీలో కాపలావాడు, మళ్లీ అమ్మాయి. అన్నీ తిన్నగా, నీటుగా ఉన్నాయి. ఆమె భయం చదివి పేజీ తిప్పేలోపే అతని బాధ తెలిసిపోతుంది. ఎవరూ ఎవరినీ అపార్థం చేసుకునే సందే లేదు. చెంప పగలగొట్టాలని ఇందాక తనకు పుట్టిన కోపం ఇందులో ఎవరికీ పుట్టదు, పుట్టని కోపానికి సిగ్గుపడే పనీ ఉండదు. కథలోని ప్రాణాన్ని తప్పనుకుని తనే తీసేసింది. అదీ కొంగు బిగించి మరీ తీసేసింది.

చెయ్యి కడుక్కుని అనుదీప్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. భానుశ్రీ ఎత్తింది.

"అక్కా, నేనే చేద్దామనుకుంటున్నాను. అచ్యుతరావు గారు ఒప్పుకున్నారు! చాలా నీటుగా ఉందమ్మా, ఆదివారం బల్ల మీద పెడదాం అన్నారు. మీరు సరిచేసిన కాపీయే అక్కా. నిన్న ఏదో అనేశాను, మనసులో పెట్టుకోకండి."

గురువారం ఈ మాట వినబడి ఉంటే చంద్రిక వీధంతా చెప్పుకునేది. ఇప్పుడు బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం వైపు చూసింది. "అనుదీప్ ఏమంటుండు?"

"ఆ పుస్తకం మీద తన పేరు వద్దంటున్నాడు. రేపు సాయంత్రం వెళ్లి వెనక్కి తీసుకుంటాడట. ఎల్లుండి నాన్న వస్తున్నారక్కా. నాకు ఏదో ఒకటి బల్ల మీద ఉంటే చాలు. అలాగే ఉంచేద్దామని మీరైనా వాడికి చెప్పండి."

"నేను చెప్పను," అంది చంద్రిక. "నేను ఇప్పుడే సదివిన భానూ. అత్తమ్మ అటు, నేను ఇటు కూసొని."

"ఇద్దరూ కూర్చొనా?" అంది భానుశ్రీ. గొంతు మారిపోయింది. "మాకు తప్ప ఇంతవరకు ఎవరూ... ఎలా ఉందక్కా?"

"కొట్లాడినం. ఖర్చు నాది, మల్ల కొడుతున్న. ఆ సారుతోని నేను మాట్లాడుత. నువ్వు జర రేపటిదాంక ఆగు."

మళ్లీ కొట్టడమంటే మెషీన్ ఖాళీగా లేదు. సోమవారం బ్యాచికి కావాల్సిన వీర్రాజు సారు మెటీరియల్ సగంలో ఉంది. షాపుకు అన్నం పెట్టేది ఆయన పనే. చంద్రిక ఫోన్ చేసి, మెటీరియల్ ఆదివారం ఇస్తానంది. వీర్రాజు ముందు నవ్వాడు, తర్వాత అరిచాడు. "ఏంటమ్మా, బొమ్మల పుస్తకం కోసం నా సెట్లు ఆపుతావా? అమీర్‌పేటలో నీదొక్కటే షాపనుకున్నావా?" "కాదు సార్. కానీ తప్పు జేసింది నేనొక్కదాన్నే," అని పెట్టేసింది. వెంటనే మెషీన్‌లోంచి వీర్రాజు కాగితాలు తీసి పక్కన పెట్టి, కొత్త రీములు చించింది.

ఈసారి పేజీలు తిప్పుతూ సరిచూసుకోవడం కుదరలేదు, ఎందుకంటే తలకిందులుగా ఉంటేనే సరి. నలభై ఏళ్లు దగ్గరపడుతుండగా చేతులకు కొత్త పాఠం నేర్పాల్సి వచ్చింది. అలవాటు చొప్పున ఒక కాగితాన్ని తిన్నగా తిప్పబోయి రెండుసార్లు నాలుక కరుచుకుంది. వజ్రమ్మ గమ్ పూస్తూ, కాపలావాడి మాటలు వచ్చినప్పుడల్లా పైకి చదివింది. శనివారం మధ్యాహ్నానికి కట్టలు ఆరాయి.

*

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషనే. మామూలుగా అయితే నడిచే పోతుంది. చేతిలో బరువుందని మెట్రో ఎక్కింది. ఎదురు సీట్లో ఒకావిడ కనుబొమలు ముడిచి తననే చూస్తోంది. ఏం చూస్తుందని అడగబోయి, తనలో తనే నవ్వుకుని, చంద్రిక వెనక్కి తిరిగి చూసింది. వెనక అద్దంలో ఆవిడ బొట్టు వంకరపోయి కనబడింది.

అచ్యుతరావు షాపు సందులో, పై అంతస్తులో ఉంది. గోడలన్నీ పుస్తకాలే. నడుమ ప్రసిద్ధమైన ఆ బల్ల, దాని మీద చంద్రిక సరిచేసిన 'ఎదురు సీట్లు'. ఆయన బల్ల వెనక కుర్చీలో కూర్చుని పుస్తకాల దుమ్ము గుడ్డతో తుడుస్తున్నాడు. చంద్రిక తానెవరో చెప్పి, కొత్త కాపీని బల్ల మీద పెట్టింది.

"బల్ల మీద పెట్టాల్సింది ఇది సార్. అది నా తప్పు."

ఆయన రెండు పేజీలు తిప్పి కళ్లజోడు తీశాడు. "ఏంటమ్మా ఇది? తలకిందులుగా అచ్చయిందే!"

"గట్లనే ఉండాలె సార్."

"ఇలాంటిది అమ్మితే ప్రతివాడూ మర్నాడు వెనక్కి తెస్తాడు. ఆదివారాలు నా దగ్గరికి వచ్చేవాళ్లు పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చదివే వయసువాళ్లు కారమ్మా, మెడలు పట్టేస్తాయి. నువ్వు చక్కగా సరిచేశావు. మంచి పని చేశావు. దాన్ని అలాగే ఉండనీ."

"అది మీరు సదివిన్రా సార్?"

ఆయన మొహమాటం లేకుండా నవ్వాడు. "పుస్తకాలమ్మేవాణ్ణి. ముందు నాలుగు పేజీలు, వెనక నాలుగు పేజీలు. అన్నీ చదువుతూ కూర్చుంటే అమ్మేదెప్పుడు?"

"నేను అన్ని పేజీలు ముట్టుకొని సుత సదవలే సార్. మీరు ఏమీ తిప్పొద్దు. అక్కడ్నే కూసోండ్రి, నేను ఇటు కూసుంట. ఎవరి పేజీ వాళ్లు సదువుదాం. సదివినంక వద్దంటె మొత్తం కట్ట వాపస్ తీస్కపోత."

"అంత తీరిక నాకు లేదమ్మా."

"నాకు సుత లేదు సార్. గిరాకీ వదులుకొని వచ్చిన." స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. పుస్తకం తెరిచి ఇద్దరి నడుమ పెట్టింది. అమ్మాయి వైపు ఆయనకు వచ్చేలా పెట్టింది, కాపలావాడిని తను తీసుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మనిషని అచ్యుతరావుకు అర్థమైనట్టుంది. దుమ్ము గుడ్డ పక్కన పెట్టి, కళ్లజోడు పెట్టుకున్నాడు.

మొదట ఆయన బేరానికి చదివినట్టే చదివాడు. పేజీ తిప్పమని గడ్డంతో సైగ చేశాడు. మూడు నాలుగు సైగలయ్యాక సైగ ఆలస్యమైంది. కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఈ వెధవెవడమ్మా, ఆడపిల్లను అలా మింగేసేలా చూస్తున్నాడు?"

చంద్రికకు అంతా తెలుసు. చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెప్తే కథ చస్తుందన్న అనుదీప్ మాట గుర్తొచ్చి, తన పేజీలో ఉన్నదే చెప్పింది. "నా దిక్కు పేజీల చూస్తలేడు సార్."

"బొమ్మలో కనబడుతుంటే చూడటం లేదంటావేంటి! పెదాలు కూడా ఆడిస్తున్నాడు. ఇలాంటివాళ్లను పోలీసులకు పట్టివ్వాలి."

"నా దిక్కు ఆ పిల్లనే ఆయనను తిడుతుంది సార్."

"తిట్టడమా? ఆ పిల్ల వాళ్లమ్మతో..." ఆయన ఆగాడు. తన పేజీని మళ్లీ చూసుకున్నాడు. పుస్తకాన్ని తన వైపు తిప్పుకోవడానికి చెయ్యి చాపాడు. చంద్రిక అరచెయ్యి పుస్తకం మీద ఆనించింది.

"తిప్పొద్దు సార్. నా దిక్కున్నది నేను సదివి ఇనిపిస్త. మీ దిక్కున్నది మీరు జెప్పుండ్రి."

అప్పటినుంచి ఆ షాపులో రెండు గొంతులు వినబడ్డాయి. ఆమె కాపలావాడి మాటలు చదివింది. ఆయన అమ్మాయి మాటలు చదివాడు, మొదట నసుగుతూ, తర్వాత గొంతు విప్పి. కాళ్లు సీటు కిందికి లాక్కున్న పేజీ దగ్గర ఆయన "అయ్యయ్యో" అన్నాడు. తర్వాతి పేజీకి ఆయనే చెయ్యి సాచి కాగితం అంచు పట్టుకున్నాడు. ఇంతసేపూ చంద్రిక ఒక్కతే తిప్పింది.

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. గుమ్మంలో అనుదీప్ నిలబడ్డాడు. దారంతా కూడబలుక్కుంటూ వచ్చిన మాటలు మొహం మీదే కనబడుతున్నాయి. అచ్యుతరావు అతన్ని ఎన్నడూ చూడలేదు. అనుదీప్ ముందు బల్లను చూశాడు, తర్వాత దానికి అటొకరు ఇటొకరు కూర్చున్న మనుషులను చూశాడు, తర్వాత వాళ్ల నడుమ తెరిచి ఉన్న పుస్తకాన్ని చూశాడు. రెండు వైపులా తిన్నగా ఉంది.

"సార్, నేను ఆ బుక్కు గురించి..." అన్నాడు.

అచ్యుతరావు తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. "కాస్త ఆగు బాబూ. ఇంకా ఒక్క పేజీ ఉంది."

చంద్రిక ఆ పేజీ తిప్పింది. బొమ్మ పక్కకు పడుకుని ఉంది. అచ్యుతరావు దాన్ని తన వైపు తిప్పుకోబోయి, ఎదురుగా ఉన్న ఆమెను చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. బల్ల పట్టుకుని మెల్లగా పక్క అంచుకు నడిచి వచ్చి, వంగి చూశాడు. చంద్రిక లేచి వెళ్లి ఆయన పక్కన నిలబడింది. తర్వాత గుమ్మం వైపు చూసి, కొంచెం జరిగి, ఇంకొకరికి చోటిచ్చింది.